కిటికీలో పెట్టిపోయినవి

“పిన్నిగారూ, మంచం దిగకూడని పిల్లకి ఏం కొనిస్తే కాలక్షేపం అవుతుందండీ?”

మా మేడ మీద అద్దెకుంటున్న గోదావరి జిల్లా అమ్మాయి మొన్న పొద్దున కిందికి దిగివచ్చి అడిగింది. ఆమె భర్తకు కొంగరకలాన్ వైపు ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఎనిమిదేళ్ల కూతురు సైకిల్ మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు కట్టు విప్పకూడదన్నారట.

“ఫోను ఇస్తే వదలట్లేదండీ. లాక్కుంటే ఇల్లెగిరిపోయేలా ఏడుస్తోంది. మీరు పిల్లల్ని పెంచినవాళ్లు కదా, ఏమైనా చెప్పండి.”

చూద్దాంలే అన్నాను. సాయంత్రం సాగర్ రోడ్డు మీదున్న బొమ్మల దుకాణానికి వెళ్లాను. దుకాణంలో ఉన్నామె రంగుల పెన్సిళ్లు, అతికించే ముక్కల బొమ్మలు, మీట నొక్కితే పరిగెత్తే కార్లు వరుసగా నా ముందు పెట్టింది. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఏదీ చేతిలోకి తీసుకోబుద్ధి కాలేదు. మంచం మీది పిల్లలకు ఏం కావాలో నాకు తెలియక కాదు. నేనూ ఒకప్పుడు నలభై రోజులు మంచం మీద పడుకున్నదాన్నే. ఆ నలభై రోజుల్లో నాకు వచ్చినన్ని కానుకలు మా ఇంట్లో పెళ్లికూతుళ్లకు కూడా వచ్చి ఉండవు. వాటిలో ఒక్కటీ ఆ దుకాణంలో లేదు. ఏమీ కొనకుండానే తిరిగొచ్చాను.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఇబ్రహీంపట్నం అప్పటికి పెద్ద పల్లెటూరే. రోడ్డు మీద బస్సు ఆగితే ఎవరు దిగారో చూడటానికి అరుగుల మీద వాళ్లంతా మెడలు సాచేవారు. మా ఇల్లు రోడ్డుకు రెండు సందులు లోపల. ఇంటి వెనక నుంచి పెద్ద చెరువు వైపు పొలాల గట్టు మీద నడిచిపోతే ఒక నేరేడు చెట్టు ఉండేది. తొలకరి పడగానే ఆ చెట్టు కింద నేలంతా ఊదారంగుకు తిరిగేది. నేరేడు కొమ్మ పెళుసు. చూడటానికి లావుగా ఉంటుంది, కాలు పెడితే చెప్పకుండా విరుగుతుంది. అందుకని ప్రతి ఇంట్లోనూ పిల్లలకు ఒకటే హెచ్చరిక. మా అమ్మ అయితే, “ఆ చెట్టు ఎక్కినవని తెలిసిందో, నేనే కాళ్లు ఇరగ్గొడ్త,” అనేది.

నేను, నా దోస్తు కలిసి ఆ చెట్టు దగ్గరికి పోయాం. ఆమె మా పక్క సందులో వడ్రంగం చేసే మామ కూతురు. నా ఈడుదే. ఇద్దరం ఒకే బడి, ఒకే బెంచీ. నాకు మాటలెక్కువ, ఆమెకు చేతిపని ఎక్కువ. రాలిన పండ్లకు మట్టి అంటుతుందని నేను చెట్టెక్కాను. ఆమె కింద లంగా పరిచి పట్టుకుని నిలబడింది. ఒక గుత్తి, బొటనవేలంత పండ్లు, కొమ్మ చివర వేలాడుతున్నాయి.

“వద్దే, దిగు, చాలు,” అని ఆమె కింద నుంచి అరుస్తూనే ఉంది.

గుత్తి నా చేతికి అందింది. ఆ తర్వాత నాకు గుర్తున్నది నలిగిన నేరేడు వాసన, తడి ఎర్రమట్టి వాసన, తొడలో ఎవరో కాల్చిన కడ్డీ గుచ్చినట్టు ఒక నొప్పి. ఆమె పొలాల్లోకి పరిగెత్తి మా నాన్నను, మా బాపును, పిలుచుకొచ్చింది.

బాపు నన్ను ఎత్తుకుని ఇల్లు చేరేసరికి సందంతా మా వాకిట్లో ఉంది. అమ్మ నా మొహం చూసింది, వేలాడుతున్న కాలు చూసింది.

“చెట్టెక్కినవా?” అంది.

అంత నొప్పిలోనూ నాకు అమ్మ అంటేనే ఎక్కువ భయమేసింది.

“ఎక్కలే అమ్మా. కింది కొమ్మ మీద ఊకె కూసున్న. ఇదే కొమ్మ వట్టుకొని ఊపింది,” అని నా దోస్తును చూపించాను.

నా దోస్తు గుమ్మం దగ్గర నిలబడి ఉంది. పరుగెత్తి పరుగెత్తి ఆయాసపడుతోంది. లంగా నిండా నేరేడు మరకలు. ఏం జరిగిందని ఆమెను ఎవరూ అడగలేదు. అమ్మ పెట్టిన కేకలకు వడ్రంగి మామ చేతిలో ఉలి పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. సంగతి విని, అందరి ముందే కూతుర్ని వీపు మీద నాలుగు కొట్టి, రెక్క పట్టుకుని ఈడ్చుకుపోయాడు.

“ఇగ మా గడప తొక్కినవంటే సూడు!” అని అమ్మ వెనక నుంచి అరిచింది.

ఎముకలు కట్టే తాత రావిర్యాల నుంచి బండి మీద వచ్చాడు. తెల్లటి మీసాలు, చేతులకు నువ్వులనూనె వాసన. నా కాలును అటూ ఇటూ తడిమి, “కండ్లు మూసుకొని నీ బళ్లె సారు పేరు చెప్పు బిడ్డా,” అన్నాడు. నేను పేరు చెప్పేలోపు ఎముక లాగి సరిచేశాడు. నా అరుపుకు పందిరి మీది పిచ్చుకలన్నీ లేచిపోయాయి. కోడిగుడ్డు తెల్లసొన, మినపపిండి కలిపి పట్టీ వేసి, చుట్టూ వెదురు బద్దలు పెట్టి కట్టాడు. కాలుకు రెండు పక్కలా ఇసుక మూటలు పెట్టించాడు.

“నలభై దినాలు. నడుము గూడ తిప్పొద్దు. తిప్పితే కాలు వంకరగ అతుకుతది. వంకర కాలైతే పిల్ల జీవితమంత కుంటుతది,” అన్నాడు బాపుతో, నాకు వినపడదనుకుని.

అది విన్నాక నేను రెండు రోజులు ఊపిరి కూడా మెల్లగా పీల్చాను.

ముందు గదిలో కిటికీ కింద నా మంచం వేశారు. తల కిటికీ వైపు. అంటే నాకు కిటికీ కనిపించదు, పైకప్పు దూలాలు మాత్రం కనిపిస్తాయి. మొదటి వారం ఎంత ఏడ్చానో చెప్పలేను. అప్పుడే కానుకలు రావడం మొదలైంది.

మొదట బాపు పట్నం పోయి తగరపు కప్ప తెచ్చాడు. దాని కడుపు కింద రేకు నొక్కితే ‘టక్ టక్’ మంటుంది. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నొక్కాను. మా నాయనమ్మ మధ్యాహ్నం పూట కునుకు తీస్తుంది, ఆ కునుకు మాకందరికీ దేవుడి పూజ లాంటిది. ఆ రోజు ఆమె మూడుసార్లు లేచింది. నాలుగోసారి, “ఆ కప్పను తెచ్చినోన్ని ముందు బాయిల ఎయ్యాలె,” అని బాపును తిట్టి కప్పను తీసుకుపోయి గూట్లో దాచింది. సాయంత్రం వంటింట్లోంచి ‘టక్’ అని ఒక్క చప్పుడు వచ్చింది. కాసేపాగి ఇంకొకటి. “ఎట్ల మోగుతదో సూస్తున్న, అంతే,” అంది నాయనమ్మ, ఎవరూ అడగకపోయినా.

మా సందు చివర ఒక టీచరమ్మ ఉండేది. చర్చిలో పాటలు పాడేది, చీర మీద ముడత ఉండేది కాదు. ఆమె తనకు వచ్చిన పాత క్రిస్మస్ కార్డులన్నీ ఒక రిబ్బనుతో కట్టి తెచ్చింది. ఇళ్ల మీద, చెట్ల మీద, దారి మీద అంతా తెల్లటి మంచు.

నాయనమ్మ కార్డు దగ్గరగా పెట్టుకుని చూసి, “ఇండ్ల మీద గింత పత్తి ఆరబోసిర్రు, వాన వస్తే ఏం గావాలె?” అని బాధపడింది.

“అది పత్తి కాదమ్మా, మంచు,” అని టీచరమ్మ నవ్వింది.

“మంచు అయితే మట్కల వట్టుకోవచ్చు గద. ఎండకాలం ఉంచుకుందురు,” అంది నాయనమ్మ.

బట్టలు కుట్టే దర్జీ చిచ్చా ఒక సంచి నిండా గుడ్డముక్కలు తెచ్చాడు. నాకు బొమ్మలు చేసుకోవడం రాదని చెప్పాను.

“బొమ్మలెందుకు బేటీ? గిండ్ల ఊరందరి బట్టలున్నయ్. ఏది ఎవరి రవికెదో, ఎవరి కమీజుదో చెప్పు సూద్దాం. తప్పు చెప్తె నీ గుడ్డ నేను తీసుకపోత,” అన్నాడు.

ఆ ఆట నాకు పిచ్చిగా నచ్చింది. వచ్చినవాళ్లందరి బట్టల వైపు చూసేదాన్ని. పచ్చ మీద ఎర్రచుక్కలు మా చిన్నత్త రవిక. నీలం చారలు పోస్టుమాస్టరు చొక్కా. కొన్ని ముక్కలకు సొంతదారులు ఎన్నాళ్లకూ దొరకలేదు.

తిండి సంగతి చెప్పకపోతే అన్యాయం. రోజు విడిచి రోజు మేకకాళ్ల షోర్వ, మిరియాల ఘాటు ముక్కులోకి ఎక్కేలా. మేనమామ పంపిన లేత మక్కకంకులు బొగ్గుల మీద కాల్చి, ఉప్పూ కారమూ నిమ్మచెక్కతో రుద్ది ఇచ్చేవారు. జొన్నరొట్టె ముక్కల్లో బెల్లం, నెయ్యి వేసి నలిపిన మలీద ముద్దలు. ఇవన్నీ తినాలంటే ముందు నల్లేరు పచ్చడి తినాలి. నల్లేరు తింటే ఎముక అతుకుతుందని తాత చెప్పాడట. తింటే నాలుకంతా దురద. నాయనమ్మ అటు తిరగగానే నేను ఆ ముద్దను తల వెనక్కి చెయ్యి పెట్టి కిటికీలోంచి బయట పడేసేదాన్ని. కిటికీ కింద మా కోళ్లు కాచుకుని ఉండేవి. అవి రెండోసారి దాన్ని ముట్టుకోలేదు. వారం తిరక్కుండానే నాయనమ్మ పట్టుకుంది. “కోడికేమైన కాలు ఇరిగిందా?” అని, ఆ రోజు నుంచి నేను మింగేదాకా నా నోట్లోకే చూస్తూ కూర్చునేది.

ఇక కిటికీ సంగతి.

అయిదో రోజో ఆరో రోజో, పొద్దున లేచి ఒళ్లు విరుచుకుంటుంటే కిటికీ గట్టు మీద చేతికి ఒక అగ్గిపెట్టె తగిలింది. తెరిస్తే లోపల పచ్చగడ్డి, గడ్డి మీద నాలుగు ఆరుద్ర పురుగులు. ఎర్రటి మఖ్మల్ గుడ్డ ప్రాణం పోసుకుని నడుస్తున్నట్టు! వాన పడిన మర్నాడు చెలకలో వెతికితే గానీ దొరకవు. అమ్మను అడిగితే తనకు తెలియదంది. చిన్నత్త పిల్లలు పెట్టి ఉంటారులే అనుకున్నాం.

మర్నాడు మామిడి టెంకను రాతి మీద అరగదీసి చేసిన బూర. ఆ తర్వాత ఎండిన తుమ్మకాయలను దారానికి గుచ్చిన గజ్జెలు, ఊపితే లోపల గింజలు గలగలలాడేవి. ఒకరోజు గిజిగాడు విడిచిపెట్టిన గూడు, లోపల ఇంకా మెత్తగా. ఒకరోజు జొన్నబెండుతో ఎడ్లబండి. చక్రాలు నిజంగా తిరిగేవి, కాడికి రెండు ఎడ్లు కూడా ఉన్నాయి. ఒక ఎద్దుకు తోక కొంచెం పొడుగు. ఎవరు పెడుతున్నారో ఎవరికీ తెలియదు. నాయనమ్మ మాత్రం, “ఎవలో గాని నీ మీద మస్తు పాణం ఉన్నోళ్లు,” అనేది.

ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది. ఆ బండి చక్రం చూడగానే నాకు తెలియాల్సింది. తెలిసిందేమో కూడా. తెలిస్తే ఇంకేదో చేయాల్సి వస్తుందని తెలుసుకోలేదేమో.

క్షవరం చేసే మామ వారానికోసారి బాపు గడ్డం గీయడానికి మా అరుగు మీదికి వచ్చేవాడు. ఒకరోజు లోపలికి తొంగిచూసి, “ఏం బిడ్డా, దూలాలు లెక్కవెడ్తున్నవా?” అన్నాడు.

“అయిపోయినయ్ మామా. ఇప్పుడు పెంకలు లెక్కవెడ్తున్న,” అన్నాను.

ఆయన కాసేపు నా మంచాన్నీ, కిటికీనీ, తలుపునూ మార్చి మార్చి చూశాడు. తన పెట్టెలోంచి పెద్ద అద్దం తీసి, ఎదురు దూలానికి తాడుతో వంచి కట్టాడు. “జర పైకా? జర కిందికా?” అని నన్ను అడుగుతూ సరిచేశాడు. ఒక్కసారిగా నా మంచం మీదికి సందు సందంతా వచ్చింది! వెనక ఉన్న కిటికీ, కిటికీ అవతల దారి, దారిలో బర్రె, బర్రె వెనక టీచరమ్మ గొడుగు.

“మరి నీకు అద్దం, మామా?”

“చిన్నది ఇంకోటున్నది. గడ్డం కొద్దికొద్దిగ సూపిస్త,” అన్నాడు.

ఆ రోజు నుంచి సందులో ఏం జరిగినా నాకు తెలిసేది. చెరుకు గడ ఎవరు విరిచారో, మా కోడి ఎవరింట గుడ్డు పెట్టిందో అన్నీ నన్నే అడిగేవారు. గుడ్డముక్కల సొంతదారులు ఒక్కొక్కరే దొరికారు.

అద్దం కట్టిన రెండోరోజో మూడోరోజో, తెల్లవారుతుండగా కోడికూతకు మెలకువ వచ్చింది. అద్దంలో కిటికీ బూడిదరంగులో కనిపిస్తోంది. ఒక చిన్న చెయ్యి కమ్మీల మధ్య నుంచి లోపలికి వచ్చింది. నెమలీకను మెల్లగా గట్టు మీద పెట్టి, గాలికి ఎగిరిపోకుండా దాని మీద రాయి పెట్టింది. ఆ తర్వాత మొహం కనిపించింది. నా దోస్తు. కమ్మీలకు నుదురు ఆనించి, నా కట్టు కట్టిన కాలు వైపే చూస్తూ నిలబడింది. తల ఎత్తితే ఎదురుగా అద్దం. అద్దంలో నా కళ్లు, ఆమె కళ్లు కలిశాయి. ఆమె ఉలిక్కిపడి పరిగెత్తింది. కాళ్ల చప్పుడు సందు మలుపు దాకా వినిపించింది.

ఆ పొద్దున నాకు మలీద సయించలేదు. బూర ఊదలేదు. తుమ్మకాయల గజ్జెలు దిండు కింద పెట్టేశాను. మర్నాడు కిటికీ గట్టు ఖాళీ. ఆ మర్నాడూ ఖాళీ. తను కనబడిందని నేను అమ్మతో చెబుతానని భయపడి ఉంటుంది. మూడు రోజులూ నేను ఎవరితోనూ చెప్పలేదు. అసలు విషయమూ చెప్పలేదు.

ఆ ఆదివారం ఊళ్లో బోనాలు. అమ్మ కొత్త చీర కట్టి, పసుపు కుంకుమలు పెట్టిన బోనం కుండ నెత్తిన పెట్టుకుని, కుండ మీద దీపంతో చిన్నత్త వాళ్ల వెంట పోయింది. ఇంట్లో నేను, నాయనమ్మ. డప్పుల దరువుకు దూలం అదిరి అద్దం వణికేది. అద్దంలో ఊరంతా వణుకుతూ నడిచింది. నేను అరుస్తున్నాను, “నాయనమ్మా, ఊదారంగు ముక్క దొరికింది! పాలమ్మే అక్కది!”

డప్పుల వెనక పిల్లలు ఎగురుతున్నారు. వాళ్లలో కలుద్దామని నా దోస్తు గోడ వారగా వచ్చింది. పాత లంగానే, జడ కూడా వేసుకోలేదు. ఒక పిల్ల ఆమెను చూసి, “అరే జరుగుండ్రి, కొమ్మ ఊపేది వచ్చింది! పడేస్తది!” అని అరిచింది. మిగతావాళ్లు అందుకున్నారు. “కొమ్మ ఊపేది! కొమ్మ ఊపేది!” ఆ పేరు అప్పుడే పెట్టింది కాదని అందరూ ఒకేసారి అన్న తీరులోనే తెలిసింది. ఆమె కొట్లాడలేదు. అలవాటైన పేరుకు పలికినట్టు తల దించుకుని వెనక్కి జరిగింది.

నాకు ఏడుపు ఆగలేదు. నాయనమ్మ లేచి వచ్చింది.

“కాలు నొస్తున్నదా బిడ్డా?”

“కాలు గాదు నాయనమ్మా,” అని మొత్తం చెప్పేశాను. చెట్టు ఎక్కడం, గుత్తి, కొమ్మ విరగడం, అబద్ధం, కిటికీలో చెయ్యి. ఒక్క గుక్కలో.

నాయనమ్మ కొంగుతో నా మొహం తుడిచింది. ఆమె తిడితే బాగుండుననిపించింది.

“నాకు జెప్తె ఏమొస్తది?” అంది. “అందరి ముంగట ఆడిన అబద్ధం. అందరి ముంగటనే చెప్పాలె. మీ అమ్మను రానియ్.”

అని తన మోకాళ్ల నొప్పులు మర్చిపోయి బయటికి నడిచింది. అద్దంలో చూశాను. గోడ పక్కనున్న నా దోస్తును చెయ్యి పట్టుకుని తీసుకొస్తోంది. గుమ్మం దాకా వచ్చి ఆ పిల్ల ఆగిపోయింది.

“రా బిడ్డా,” అంది నాయనమ్మ.

“గడప తొక్కొద్దన్నది అత్తమ్మ,” అంది ఆమె.

“గడప నాది. నేను తొక్కుమంటున్న,” అంది నాయనమ్మ.

అమ్మ, చిన్నత్త వాళ్లు బోనం దించి, నవ్వుకుంటూ ఇంటికొచ్చారు. గదిలో ఆ పిల్లను చూసి అమ్మ మొహం మారింది. ఆమె నోరు తెరవకముందే నేను గట్టిగా కళ్లు మూసుకుని అనేశాను. “అమ్మా, ఇది ఊపలే. నేనే చెట్టెక్కిన. చివరి దాంక పోయిన. కొమ్మ ఇరిగింది. నువ్వు కొడ్తవని అబద్ధం చెప్పిన. వద్దు దిగు అనే అన్నది ఇది.”

కళ్లు తెరిచేసరికి అమ్మ చెయ్యి గాల్లో ఉంది. ఒక కాలికి వెదురు బద్దలు, రెండు పక్కలా ఇసుక మూటలు, నడుము కదలకూడదు, నెత్తి మీద కొడితే తల ఊగుతుంది. ఎక్కడ కొట్టాలో తెలియక ఆ చెయ్యి నా మీద కాసేపు తిరిగింది. చివరికి తన నుదుటి మీదే కొట్టుకుంది. చిన్నత్త కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంది.

అప్పుడు గుమ్మం దగ్గర నుంచి నా దోస్తు సన్నగా అడిగింది.

“అయితే... నేను ఊపలేదా?”

ఎవరికీ అర్థం కాలేదు. “ఏందే?” అంది అమ్మ.

“అందరు ఊపినవ్ ఊపినవ్ అంటే, ఊపిన్ననే అనుకున్న. నాకు యాదికి లేదేమో అనుకున్న.”

చిన్నత్త నవ్వు ఆగిపోయింది. అమ్మ నేల మీద కూలబడి ఆ పిల్లను ఒళ్లోకి లాక్కుంది. నెత్తి నిమురుతూ, దువ్వని జుట్టులో చిక్కులు వేళ్లతో తీస్తూ కూర్చుంది. తర్వాత దువ్వెన తెమ్మని, నూనె పెట్టి, తన పూలచెండులో సగం తెంపి రెండు జడలు వేసింది. నాకు మాత్రం ఆ రోజు ఎవరూ పూలు పెట్టలేదు. నేను అడగలేదు.

సాయంత్రం అమ్మ బోనం అన్నం గిన్నెలో పెట్టుకుని వడ్రంగి మామ ఇంటికి పోయింది. వచ్చాక బాపుతో చెబుతుంటే విన్నాను.

“‘తప్పయింది అన్నా’ అని అన్న. ఆయన తల గూడ ఎత్తలే. ‘నువ్వు అడగకుంట తిట్టినవ్ చెల్లె, నేను అడగకుంట కొట్టిన. నీకంటె నాదే ఎక్కువ తప్పు’ అన్నడు.”

ఆ తర్వాతి రోజులు ఎట్లా గడిచాయో తెలియనే లేదు. నా దోస్తు బడి నుంచి తిన్నగా మా ఇంటికే వచ్చేది. మంచం మీదే గుడ్డ పరిచి, గవ్వలు వేసి పచ్చీసు ఆడేవాళ్లం. గవ్వలు ఎట్లా పడ్డాయో నాకు కనిపించదు కదా, ఆమె ఎంత చెబితే అంత. ఒక్కసారి కూడా తక్కువ చెప్పలేదు, తనకు. “అద్దంల సూస్తున్న!” అని నేను అరిస్తే, “అద్దంల ఉల్టా కనవడ్తయ్,” అనేది. నాయనమ్మ మధ్యలో తీర్పు చెప్పడానికి వచ్చి తనే ఆటలో దిగేది. అందరికంటే ఎక్కువ తొండి ఆమెదే.

నలభయ్యో రోజు రావిర్యాల తాత వచ్చి కట్టు విప్పాడు. కాలు సన్నబడి, తెల్లగా, వేరే ఎవరిదో తెచ్చి నాకు పెట్టినట్టు ఉంది. తాత రెండు మడమలూ కలిపి చూశాడు.

“ఎంట్రుకవాసి తేడా లేదు,” అన్నాడు తాత. “ఇగ నడవాలె.”

లేచి నిలబడితే నేల ఊగింది. రెండడుగులు వేసి ఏడుపు మొదలుపెట్టాను. మర్నాడు వడ్రంగి మామ భుజాన ఏదో మోసుకుని వచ్చాడు. చంటిపిల్లలు నడక నేర్చుకునే మూడు చక్రాల బండి ఉంటుంది కదా, అదే. కాకపోతే నా నడుమంత ఎత్తు. తెల్లటి కొత్త కర్ర, ఇంకా రంపపుపొట్టు వాసన వస్తోంది. పట్టుకునే చోట చేతికి గుచ్చకుండా గాజులా నున్నగా చేశాడు. ఆయన నా మొహం వైపు చూడలేదు, నేనూ ఆయన వైపు చూడలేకపోయాను.

“వట్టుకో బిడ్డా. పడవు,” అన్నాడు అంతే.

తొమ్మిదేళ్ల దాన్ని, చంటిపిల్ల బండి తోసుకుంటూ సందులో నడవాలి! సిగ్గుతో చచ్చిపోయాను. కిర్రు కిర్రుమని చక్రాలు మోగుతుంటే అరుగుల మీద వాళ్లంతా బయటికొచ్చారు. క్షవరం మామ, “జరుగుండ్రి జరుగుండ్రి, పట్నం బస్సు వస్తున్నది!” అన్నాడు. దర్జీ చిచ్చా మిషను ఆపి చప్పట్లు కొట్టాడు. నన్ను చూసి నవ్వుతున్న పిల్లల్ని నా దోస్తు ఒక్కొక్కరినీ గుడ్లురిమి చూసింది. బండికి ముందు నడుస్తూ దారిలో రాళ్లు ఏరి పక్కకు విసిరింది. బడి దాకా పోయి వచ్చాం. ఆ తర్వాత వారానికి బండి వదిలేశాను, ఆ పై నెలకు పరిగెత్తాను.

ఇప్పుడు ఆ పొలాలు లేవు. పాతిన రాళ్లు, రాళ్ల మీద ప్లాట్ల నంబర్లు. మా కోడళ్లకు ఎంత చెప్పినా నేరేడు చెట్టు ఎక్కడుండేదో చూపించలేను. నాయనమ్మ, బాపు, అమ్మ, చిచ్చా, క్షవరం మామ ఒక్కొక్కరే వెళ్లిపోయారు. నా దోస్తు మాత్రం బొంగులూరు దగ్గర కొడుకు ఇంట్లో ఉంది. నాకంటే గట్టిగా ఉంది.

పోయినేడు వాళ్ల మనవరాలి పెళ్లికి వెళ్లాను. ఇద్దరం పక్కపక్కన కూర్చుని తింటున్నాం. ఇన్నేళ్లూ ఎందుకు అడగలేదో తెలియదు, ఆ రోజు అడిగాను.

“నువ్వే ఊపినవనుకొని కిటికీల అవన్ని పెట్టినవ్, సరే. అబద్ధం నాదని తెలిసినంక గూడ రోజు ఎందుకు వచ్చినవే? కోపం రాలేదా?”

“ఎందుకు రాలే? ఆ దినం ఇంటికి పోయి మస్తు ఏడ్చిన. ఇగ దాని మొఖం సూడొద్దు అనుకున్న,” అంది, అన్నం కలుపుతూ.

“మరి?”

“తెల్లారి బడి విడిచినంక కాళ్లు మీ సందుకే మలిగినయ్. నేనేం జెయ్యాలె?” అని, నా విస్తరి ఖాళీగా ఉందని వడ్డించేవాళ్లను గట్టిగా కేకేసి పిలిచింది.